వెంకటరత్నం గారి సగం సిద్ధాంతాలు

వెంకటరత్నం గారు సిద్ధాంతం లేకుండా మంచినీళ్ళు కూడా తాగరు. కడియం నర్సరీల్లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఎండలో మొక్కల మధ్య తిరిగి తిరిగి, నాలుక పిడచకట్టుకుపోయి, కుండలో గ్లాసు ముంచాక కూడా ఆగిపోయి, "నాయకుడు ఆఖర్న తాగాలండి. సిద్ధాంతం" అని చుట్టూ చూసేవారు. చుట్టూ పద్దెనిమిది మంది పనివాళ్ళు. ఒక్కరికీ దాహం ఉండేది కాదు. అయినా ఆయన అవస్థ చూడలేక తలా గ్లాసుడు తాగేవారు. ఆయన వంతు వచ్చేసరికి కుండ అడుగంటేది.

ఆయన పుట్టుకతో ఇలాంటివారేం కాదు. ముప్ఫై ఏళ్ళు అందరిలాగే మొక్కలు పెంచారు, లారీలకి ఎత్తించారు, పనివాళ్ళని కేకలేశారు. యాభై ఆరో ఏట ఏం తోచిందో ఏమో, ఇంట్లో కూర్చుని చదివే ఎంబీఏలో చేరారు. పుస్తకాలు పార్సిల్లో వచ్చిన రోజున ఇంటావిడ ఆ బరువు చూసి ఎరువేమో అనుకుని పాకలో వేయించింది. రాజమహేంద్రవరంలో పరీక్ష రాయడానికి వెళ్తే, ఆ ఇస్త్రీ పంచె, ఆ తెల్లమీసం చూసి తనిఖీకొచ్చిన పెద్ద అధికారి కాబోలనుకుని హాల్లో ఉన్న లెక్చరరు లేచి నిలబడ్డాడు. వెనక బెంచీ కుర్రాళ్ళు చీటీలు మింగేశారు. ఆయన మాత్రం ఎవరినీ చూడకుండా, మూడు గంటలూ తల ఎత్తకుండా రాసి పాసైపోయారు. నర్సరీకి కష్టాలు మొదలైంది ఆ రోజు నుంచే.

సత్యకుమారి పని అడగడానికి వచ్చిన రోజున ఆఫీసు గదికి తలుపు లేదు. తట్టడానికి ఏమీ కనబడక, ఆవిడ గడప బయట నిలబడిపోయింది. భర్త పోయి అప్పటికి నాలుగు నెలలు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఒక్కతే సంతకి మించి ఎక్కడికీ వెళ్ళిన మనిషి కాదు. బస్సు బోర్డు చదివేది ఆయన, ఎక్కేది ఆవిడ.

"రండమ్మా, రండి" అన్నారు లోపల్నుంచి వెంకటరత్నం గారు. "తలుపు కోసం చూస్తున్నారా? నాయకుడి తలుపు ఎప్పుడూ తెరిచి ఉండాలని సిద్ధాంతమండి. తెరిచి పెడితే గాలికి మూసుకుపోతోంది. అందుకని పీకించేశాను."

ఆవిడ ఏమనాలో తెలియక "ఆయ్, మంచిపని చేశారండి" అంది.

ఆ మాట పూర్తయ్యేలోగా రెండు మేకలు ఆవిడ పక్కనుంచి దర్జాగా లోపలికి నడిచాయి. వాటి వెనకే చీపురు పట్టుకుని పాపాయమ్మ. అంటు కట్టడంలో ఆవిడంత పాతకాపు ఆ చుట్టుపక్కల లేదు. నోటి జోరులో ఆవిడని మించినవాళ్ళు అసలే లేరు.

"రత్నం బాబూ! అవి హాజరు పట్టీ తినేస్తన్నాయి!"

"కంగారు పడకండి పాపాయమ్మ గారూ. చుట్టుపక్కల ఉన్న ప్రతి ప్రాణీ మన సంస్థలో భాగస్వామే అని సిద్ధాంతం."

"అయితే ఆటిక్కూడా కూలి ఎయ్యండి! నిన్నటి నుంచి మూడు కుండీలు తిన్నాయి, అది ఓటీ కిందకి వస్తాదా?"

సత్యకుమారికి నవ్వొచ్చింది. నాలుగు నెలల తరవాత వచ్చిన నవ్వు. ఎవరైనా చూస్తారేమోనని కొంగు అడ్డం పెట్టుకుంది. పనిలో చేరినట్టు సంతకం పెట్టమని ఆయన పుస్తకం కోసం వెతికేసరికి దానికి అట్ట మాత్రమే మిగిలింది. మేకల పుణ్యమా అని ఆ రోజుకి ఆవిడ గండం గడిచింది.

గండమే మరి. సత్యకుమారికి అక్షరాలు రావు. రెండో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే బడి మానేసింది. తరవాత అవసరం పడలేదు. భర్త పంచాయితీ ఆఫీసులో గుమాస్తా. పేపరు చదివి వినిపించేవాడు, మందుల సీసా మీది మాటలు చదివేవాడు, పెళ్ళి శుభలేఖలో అచ్చుతప్పులు కూడా చదివి నవ్వించేవాడు. అంత చదివిన మనిషి పెళ్ళానికి వేలిముద్రేనా అని రేపు నలుగురూ అంటే, ఆ మాట తగిలేది తనకి కాదు, పోయిన మనిషికి. అందుకే ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి పడ్డ పాట్లతో పోలిస్తే చదువు నేర్చుకోవడమే తేలిక.

చేరిన నెలకి వెంకటరత్నం గారు పని మార్పిడి సిద్ధాంతం తెచ్చారు. అంటు కట్టేవాళ్ళు ఫోను దగ్గర, ఫోను దగ్గరివాళ్ళు అంటు దగ్గర. లోడింగు మేస్త్రీ చిట్టియ్య రెండు క్వింటాళ్ళ కుండీని ఒంటిచేత్తో లారీ ఎక్కించగలడు కానీ, అగ్గిపుల్లంత కొమ్మని చీల్చి అంటు కట్టమనేసరికి చెమటలు పట్టాయి. పూటంతా కష్టపడి ఒక మామిడి అంటు కట్టాడు. కొమ్మ తలకిందులుగా.

పాపాయమ్మని కుర్చీలో కూర్చోబెట్టి ఫోను చేతికిచ్చారు. పూనా నుంచి ఒక వ్యాపారి. ఆయన హిందీలో ఏదో అడిగాడు. ఆవిడకి వచ్చిన హిందీ ఒకటే మాట.

"నహీ."

ఆయన రేటు పెంచాడు.

"నహీ!"

ఆయన బతిమాలాడు. ఇంకా పెంచాడు. ఆవిడకి విసుగొచ్చి "నహీ అంటే ఇనపడదేంటయ్యా నీకు? చెవులో గులాబీ అంటు కట్టించుకున్నావా?" అని తెలుగులో ఉతికింది. ఆయన హడిలిపోయి ఒప్పేసుకున్నాడు. ఆ నర్సరీ చరిత్రలోనే క్రోటన్లు అంత ధరకి ఎప్పుడూ పోలేదు. "చూశారా సిద్ధాంతం!" అని వెంకటరత్నం గారు ఆవిడకి ఆ కుర్చీని శాశ్వతం చేసేశారు.

తరవాత చీటీల పెట్టె వచ్చింది. నాయకుడిలో లోపాలేమిటో పనివాళ్ళు పేరు రాయకుండా రాసి వెయ్యాలి. ఆయన అందరి ముందూ చదువుతారు. రాయడం రానివాళ్ళు వచ్చినవాళ్ళ చేత రాయించుకున్నారు. సత్యకుమారి ఎవరినీ అడగలేక, అందరూ వేస్తున్నారని తెల్ల చీటీ మడిచి వేసేసింది. సాయంత్రం ఆయన ఒక్కొక్కటీ తీసి గట్టిగా చదివారు. "మీ సిద్ధాంతాల వల్ల తలనొప్పి వస్తోంది. మంచిదండి. తలనొప్పి బిళ్ళలు కూడా నర్సరీయే ఇవ్వాలి. ఇది ఇంకా మంచిదండి." ఆ తరవాత తెల్ల చీటీ వచ్చింది. అటు తిప్పారు, ఇటు తిప్పారు. సత్యకుమారి పాపాయమ్మ వెనక్కి జరిగింది.

"వీరికి నా మీద ఏ ఫిర్యాదూ లేదుటండి" అని చదివి, చీటీని జేబులో పెట్టుకున్నారు.

మర్నాడే షెడ్డు గోడకున్న నల్ల బోర్డు మీద కొత్త సిద్ధాంతం వెలిసింది. తక్కువ మాట్లాడేవాళ్ళే గొప్ప నాయకులు.

"అంటే నేను కాదన్నమాట" అంది పాపాయమ్మ.

"మీరు కాదండి. సత్యకుమారి గారు. ఇవాళ్టి నుంచి ఆవిడే టీం లీడరు. ట్యాగులు కట్టించే బాధ్యత ఆవిడదే."

ట్యాగు అంటే మొక్కకి కట్టే పేరు. అచ్చువేసిన ట్యాగులు డబ్బాల్లో ఉంటాయి, ఏ మొక్కకి ఆ డబ్బాలోంచి తీసి కట్టాలి. సత్యకుమారికి మొక్కలతో భయం లేదు. ఆకు తడిమితే చాలు, కళ్ళు మూసుకుని పేరు చెప్పగలదు. భయమల్లా డబ్బాలతోనే. దానికి తోడు వెంకటరత్నం గారు ప్రతి డబ్బా మీదా స్వహస్తాలతో పెయింటుతో ఒక బొమ్మ వేశారు. "బ్రాండింగు సిద్ధాంతమండి. డబ్బాకి ఓ ముఖం ఉండాలి" అన్నారు. నేరేడు, కానుగ, వేప, సపోటా, అన్ని డబ్బాల మీదా ఒకటే బొమ్మ ఉన్నట్టుంది. పాపాయమ్మ చాలాసేపు చూసి "ఇన్ని వంకాయలెందుకు బాబూ?" అంది.

సత్యకుమారి తన తిప్పలు తాను పడింది. గోడ వైపు నుంచి మొదటి డబ్బా నేరేడు, రెండోది కానుగ, మూడోది వేప, నాలుగోది సపోటా. లెక్క గుర్తుపెట్టుకుంది. ఎనిమిది నెలలు ఒక్క తప్పు కూడా రాలేదు. రాజమహేంద్రవరంలో ఒక కంపెనీవాళ్ళు పల్లెటూరి బళ్ళలో నాటించడానికి రెండు వేల మొక్కలు అడిగినప్పుడు, పని అంతా ఒక స్త్రీ ఆధ్వర్యంలో జరగాలని షరతు పెడితే, వెంకటరత్నం గారు ఛాతీ విరుచుకుని ఆవిడ పేరే రాయించారు. మొదటి వెయ్యీ సరిగ్గా వెళ్తేనే రెండో వెయ్యి.

ఆ లోడుకి నాలుగు రోజుల ముందు ఆయన జపాన్‌వాళ్ళ సిద్ధాంతం చదివారు. ఏ వస్తువుకి తగ్గ చోట ఆ వస్తువు. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి, షెడ్డంతా ఊడ్చి, కత్తులు పొడుగుని బట్టి, గంపలు గుండ్రాన్ని బట్టి, ట్యాగుల డబ్బాలు ఎత్తుని బట్టి వరసగా సర్దేశారు. అద్దంలా ఉంది షెడ్డు. సత్యకుమారి వచ్చి, ఎప్పటిలాగే గోడ వైపు నుంచి లెక్కపెట్టుకుని ట్యాగులు పంచింది. ఎనిమిది నెలల నమ్మకంతో, చదవడం వచ్చినవాళ్ళు కూడా చదివి చూడకుండా ఆవిడ పంచినట్టే కట్టారు.

లోడు రోజున కంపెనీ తరఫున ఒకమ్మాయి వచ్చింది. హరిచందన అని, అక్కడ సామాజిక బాధ్యత విభాగం చూస్తుంది. ఎంబీఏలో బంగారు పతకం. అప్పటికి సగం మొక్కలు లారీలో ఉన్నాయి. ఆ అమ్మాయి కింద ఉన్న ఒక మొక్క ట్యాగు చదివింది, ఆకు చూసింది, మళ్ళీ ట్యాగు చదివింది.

"ఇది నేరేడాండీ? మా అమ్మమ్మ గారిది పిఠాపురం. వాళ్ళ పెరట్లో నేరేడు చెట్టు కిందే పెరిగాను. ఆకు ఇలా ఉండదే?"

"అది కానుగ" అంది పాపాయమ్మ, షెడ్డులోకి తెచ్చి వేసుకున్న ఫోను కుర్చీలోంచి.

"మరి నేరేడు అని ఉందే? ఇదిగో, ఈ వేపకి సపోటా అని కట్టారు. బడి పిల్లలు సపోటా అని పదేళ్ళు నీళ్ళు పోస్తే ఆఖరికి వేపకాయలు కాస్తే, మా కంపెనీ పేరేం కావాలండీ?" ఆ అమ్మాయి చేతిలో కాగితం చూసుకుంది. "సత్యకుమారి గారంటే ఎవరు?"

లారీ మీద చిట్టియ్య కుండీ పట్టుకుని అలాగే ఆగిపోయాడు. సత్యకుమారి డబ్బాల వైపు చూసింది. పొట్టివాటి నుంచి పొడుగువాటి దాకా వరసగా ఉన్నాయి. అప్పుడర్థమైంది, డబ్బాలు చోటు మారాయని. ఆర్డరు పోతుంది, లీడరు పని పోతుంది, దాచిన సంగతి బయటపడుతుంది. మూడూ ఒక్కసారే.

ఆవిడ నోరు తెరిచేలోగా వెంకటరత్నం గారు ముందుకొచ్చారు.

"శభాష్! పాసయ్యారమ్మా! ఇది మేము పెట్టిన పరీక్షండి. కావాలని తప్పు చేసి, కొనేవాళ్ళ జాగ్రత్త చూస్తాం. సిద్ధాంతమండి."

"ఎవరి సిద్ధాంతమండీ?"

"జర్మనీ ఆయనండి."

"పేరు?"

"ఆ పేరు... పలకడం కష్టమండి. వాళ్ళ ఆవిడే పలకలేకపోయేదిట."

"నేను రెండేళ్ళు ఇవే చదివానండి. అలాంటి సిద్ధాంతం లేదు."

"కొత్తదండి. నిన్నే వచ్చింది."

అరవయ్యేళ్ళ పెద్దమనిషి తన కోసం చెమటలు కక్కుతూ అబద్ధం మీద అబద్ధం పేరుస్తుంటే సత్యకుమారికి చూడబుద్ధి కాలేదు. మెల్లిగా వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"ఆయన తప్పేం లేదండి. ట్యాగులు పంచింది నేను. నాకు అక్షరాలు రావండి."

పాపాయమ్మ కుర్చీలోంచి ముందుకి వంగింది.

"అదేంటే? మీ ఆయన గుమాస్తా కదే?"

"అన్నీ ఆయనే చదివి వినిపించేవారు పిన్నీ. నాకు అవసరం రాలేదు."

పాపాయమ్మ "అదృష్టవంతురాలివి. మా ఆయన తిట్లు తప్ప ఏమీ ఇనిపించలేదు" అంది.

ఎక్కడో ఒకరు నవ్వారు. తరవాత అందరూ నవ్వారు. గుమాస్తాని ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోగా, అలాంటి మొగుడు ఏ ఊళ్ళో దొరుకుతాడని ఒకావిడ పక్కావిడని గట్టిగానే అడిగింది.

"నాకు తెలుసమ్మా" అన్నారు వెంకటరత్నం గారు నేల చూపులు చూస్తూ. "తెల్ల చీటీ వేసిన రోజే తెలిసింది. మీరు పెన్నే ముట్టకుండా మడిచి వెయ్యడం చూశాను."

"తెలిసీ ట్యాగుల పని నాకెందుకిచ్చారండీ?"

"మొక్కల గురించి మీకు తెలిసినంత ఇక్కడెవరికి తెలుసండి? అక్షరాలకి ఇబ్బంది పడతారనే కదా, డబ్బాల మీద ఆకుల బొమ్మలేశాను!"

అందరూ డబ్బాల వైపు తిరిగారు.

"అయి ఆకులాండీ?" అన్నాడు లారీ మీంచి చిట్టియ్య. "పిడకలనుకున్నానండి నేను."

హరిచందన నవ్వాపుకుని బోర్డు దగ్గరికెళ్ళింది. "తక్కువ మాట్లాడేవాళ్ళే గొప్ప నాయకులు... ఇది ఏ పుస్తకంలోదండీ?"

వెంకటరత్నం గారు మీసం సర్దుకున్నారు. "సగం పుస్తకంలోదేనండి."

"మిగతా సగం?"

"నేను కలిపానండి. ఏం చెయ్యమంటారు? మావాళ్ళకి రోషం ఎక్కువ. ఊరికే సాయం చేస్తానంటే పుచ్చుకోరు. పాపాయమ్మ గారికి ఏడాదిన్నర బట్టి మోకాళ్ళ నొప్పులు. గొంతుక్కూర్చుని అంటు కట్టలేరు. కుర్చీలో కూర్చోండమ్మా అంటే, నేనప్పుడే ముసలిదాన్నయిపోయానా అని మీదకొస్తారు. పని మార్పిడి సిద్ధాంతం అన్నాను. మారుమాట్లాడకుండా కూర్చున్నారు."

"అదా సంగతి!" అని పాపాయమ్మ కుర్చీలోంచి లేవబోయి, సగంలో ఆగి, మళ్ళీ కూర్చుండిపోయింది. "లేస్తే కొడదును. మోకాలు పట్టేసింది."

"మరి ఆ తలుపు?" అంది సత్యకుమారి.

"సెలవు అడగటానికి వచ్చి ఆడవాళ్ళు బయటే నిలబడి వెళ్ళిపోయేవారమ్మా. తట్టడానికి భయం."

"మేకలో?"

"మేకలు మాత్రం నిజంగానే పొరపాటండి."

హరిచందన ఫైలు మూసేసింది. "మా ఆఫీసులో సామాజిక బాధ్యత మీద నూట నలభై పేజీల పుస్తకం ఉందండి. ముఖచిత్రం రంగుల్లో ఉంటుంది. అందులో ఎవరి మోకాలూ లేదు" అంది. తరవాత చేతి గడియారం తీసి బ్యాగులో పడేసి, నేల మీద చతికిలబడింది. "రండి సత్యకుమారి గారూ. మీరు ఆకు చూసి పేరు చెప్పండి, నేను చూసి ట్యాగు తీస్తాను. పొద్దుగూకేలోగా అయిపోవాలి."

లారీ ఎక్కిన మొక్కలన్నీ దిగాయి. సత్యకుమారి వరస వెంబడి నడుస్తూ, ఆకు తడుముతూ, పేరు చెప్పుకుంటూ పోయింది. ఎక్కడా తడుముకోలేదు. బంగారు పతకం వెనకాల పరిగెత్తింది. నాలుగున్నరకి లారీ కదిలింది. వెళ్ళేముందు ఆ అమ్మాయి ఒకటే అంది. "రెండో లోడు పై నెలాఖరుకి. రిజిస్టరులో మొక్కల పేర్లు చూసుకుని టీం లీడరు సంతకం పెట్టాలి. పేరు మార్చమంటారా?"

"వద్దండి" అన్నారు వెంకటరత్నం గారు.

"వద్దండి" అంది సత్యకుమారి. తన మాట ముందుగా వినబడిందో, ఆయన మాట ముందో ఆవిడకే తెలియలేదు.

మర్నాటి నుంచి భోజనాలయ్యాక బోర్డు దగ్గర బడి. వెంకటరత్నం గారంత అన్యాయమైన పంతులు భూమ్మీద ఉండడు. అక్షరం రాయక ముందు అరగంట ఆ అక్షరం వల్ల సంస్థకి ఒరిగే లాభాలు చెబుతారు. దాంతో సత్యకుమారి ట్యాగులనే పుస్తకం చేసుకుంది. తెలిసిన ఆకు పక్కన తెలియని అక్షరం పెట్టుకుని చూస్తూ కూర్చునేది. పాపాయమ్మ "నేను తోడొచ్చానంతే" అంటూ రోజూ వచ్చి, అందరికన్నా ముందు తన పేరు రాయడం నేర్చేసుకుని, ఫోను మీద, కుర్చీ మీద, చిట్టియ్య తువ్వాలు మీద కూడా రాసేసింది.

మూడు వారాలు గడిచాక ఒక సాయంత్రం సత్యకుమారి ఇంట్లో దీపం పెడుతూ ఆగిపోయింది. గోడ మీద భర్త ఫొటో. దాని కింద ఒక వరస అక్షరాలు. ఫొటో కట్టినవాడు ఏం రాశాడో ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేదు. వేలు పెట్టి కూడబలుక్కుంది. పేరంతా వచ్చింది. పేరు పక్కన "గారు" అని కూడా ఉంది. "మీకు గారు కూడానా!" అని నవ్వింది. అన్నం తింటూ ఇంకోసారి లేచెళ్ళి చదువుకుంది.

రెండో లోడు రోజున హరిచందన వచ్చేసరికి లారీ ఎదురుగా సత్యకుమారి రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉంది. ఒక్కొక్క మొక్కా తన ముందు నుంచే వెళ్ళాలి. ట్యాగు చదవాలి, ఆకు చూడాలి, టిక్కు పెట్టాలి.

"కా... ను... గ. కానుగ. వెళ్ళనీ. తరవాతది."

వంద మొక్కలయ్యేసరికి చిట్టియ్యకి ఓపిక నశించింది. "ఏంటమ్మా ఇది? ఇలా ఒక్కోటీ చదువుకుంటా కూచుంటే లారీ కడియం దాటేతలికి మొక్కలు కాయలు కాత్తాయి! ఏ సిద్ధాంతమిది?"

వెంకటరత్నం గారు గొంతు సవరించుకుని నోరు తెరిచారు.

"సత్యకుమారి సిద్ధాంతం" అంది ఆవిడ, రిజిస్టరులోంచి తల ఎత్తకుండా. "మాట్లాడకుండా ఆ కుండీ అందుకో."

చిట్టియ్య అందుకున్నాడు. వెంకటరత్నం గారు పరవశించిపోయి, జేబులోంచి పెన్ను తీసి ఆవిడ దగ్గరగా వచ్చి వంగారు.

"మొత్తం మీదేనాండి? సగం పుస్తకంలోదా?"

"మొత్తం నాదేనండి. మీరు కాస్త పక్కకి జరగండి, అక్షరాల మీద మీ నీడ పడుతోంది."